వీబీఎస్‌లో పిల్లల్ని వయసు వారీగా కూర్చోబెట్టాలా, అందరినీ కలపాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

వీబీఎస్‌కి రెండు నెలల ముందు నుంచే ఫోన్లు మొదలవుతాయి. వీబీఎస్ అంటే వెకేషన్ బైబిల్ స్కూల్, సెలవుల్లో పిల్లలకి సంఘం నడిపే బైబిలు బడి. పాటల గురించి, బ్యానర్ గురించి అడిగేవాళ్ళు తక్కువ. "గ్రూపులు ఎలా చేయాలి?" అనేవాళ్ళే ఎక్కువ. ప్రతి ఏడూ అవే సందేహాలు, దాదాపు అవే మాటల్లో వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, మొదటి నుంచి చదవాల్సిన పనిలేదు. వీటిలో కొన్ని నేను దెబ్బతిని నేర్చుకున్నవే.

## ప్లానింగ్‌లో ఉన్నప్పుడు

ఒక్క మాటలో చెప్పండి: వయసు వారీగానా, అందరినీ కలిపా?

పాఠం, కంఠత వాక్యం వయసు వారీగా. పాటలు, ప్రార్థన, స్నాక్స్, ముగింపు కార్యక్రమం అందరితో కలిపి. ఆటలు మాత్రం ఆటను బట్టి. రోజంతటికీ ఒకే పద్ధతి పెట్టుకోవాలనుకుంటేనే చిక్కు వస్తుంది. ఈ అరగంటలో పిల్లలు చేయబోయే పని ఏమిటో చూడండి. విని అర్థం చేసుకోవడం, చదవడం, రాయడం ఉంటే వయసు తేడా అడ్డొస్తుంది. పాడటం, పంచుకోవడం, ఒకరికొకరు సాయపడటం ఉంటే అదే తేడా పనికొస్తుంది.

మాకు వచ్చేది 20 మందే. అంతమాత్రానికి గ్రూపులు కావాలా?

కావాలి, కానీ రెండు చాలు. చదవడం వచ్చినవాళ్ళు ఒక గ్రూపు, ఇంకా రానివాళ్ళు ఒక గ్రూపు. వీబీఎస్ పాఠాల పుస్తకంలో నాలుగు స్థాయిలు ఉన్నాయి కదా అని నాలుగు చేయకండి. ఒక్కో దాంట్లో ఐదుగురు ఉంటారు, రెండో రోజు ఇద్దరు మానేస్తే ముగ్గురు మిగులుతారు. ముగ్గురు పిల్లలతో యాక్షన్ సాంగ్ చేయించి చూడండి, పాట అయ్యేలోపు టీచర్‌కే నీరసం వస్తుంది. పది పన్నెండు మందే వస్తే అందరినీ కలిపే కూర్చోబెట్టి, కథ తర్వాత ప్రశ్నలు మాత్రం వేరు చేయండి.

వయసు గీతలు ఎక్కడ గీయాలి?

నేను ఇలా పెడతాను: 4-5 ఏళ్ళు, 6-8, 9-11, 12-14. పిల్లలు తక్కువైతే మధ్యలో రెండూ కలుపుతాను. పైన చెప్పినట్టు 20 మందే వచ్చే చోట తప్ప, 4-5ని, 12-14ని దేనితోనూ కలపను.

ఈ గీతలకి కారణం ఉంది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చాలాకాలం గమనించిన స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే 7 ఏళ్ళ దగ్గర ఒక మలుపు, 11-12 దగ్గర ఇంకో మలుపు ఉంటాయని చెప్పాడు. 7లోపు పిల్లలకి కళ్ళకి కనిపించేదే నిజం. తర్వాత నాలుగైదేళ్ళు చేత్తో పట్టుకోగలిగిన విషయాల మీద తర్కం నడుస్తుంది. ఆ పైనే కంటికి కనబడని భావాల గురించి ఆలోచించడం మొదలవుతుంది. సరిగ్గా పుట్టినరోజు నాడే ఎవరూ మారిపోరు, ఒక్కో పిల్లవాడు ముందూ వెనకా అవుతాడు. కానీ "యేసును నీ హృదయంలోకి ఆహ్వానించు" అని ఐదేళ్ళ పాపకి చెబితే "అంత పెద్దాయన ఎలా పడతాడు?" అని అడుగుతుంది. ఆ పాప వేళాకోళం ఆడటం లేదు. 13 ఏళ్ళ అమ్మాయికి అదే మాట చెబితే ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తుంది. ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఆ వాక్యం చెప్పారంటే ఒకరికి అన్యాయం చేసినట్టే.

వయసు చూడాలా, తరగతి చూడాలా?

ఇప్పుడే పూర్తిచేసిన తరగతి చూడండి. పిల్లలు తమని తాము తరగతితోనే గుర్తుపెట్టుకుంటారు, స్నేహాలూ అక్కడే ఉంటాయి. వయసు అడిగితే ఇంట్లోవాళ్ళు ఒకటి చెబుతారు, పిల్లవాడు ఇంకోటి చెబుతాడు. బడికి వెళ్ళని పిల్లలకి మాత్రం వయసే లెక్క.

ఒక్కటే హాలు ఉంది, గదులు లేవు. ఎలా విడదీయాలి?

గదులు లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. శబ్దమే అడ్డంకి. నలుగురు టీచర్లు నాలుగు మూలల్లో ఒకేసారి కథ చెబితే ఎవరికీ ఏమీ వినబడదు. అందుకని వంతులు పెట్టండి: ఒక గ్రూపు లోపల పాఠంలో ఉంటే, ఒకటి బయట ఆటలో, ఇంకోటి వరండాలో క్రాఫ్ట్‌లో. 25 నిమిషాలకి ఒకసారి గంట కొట్టి మారండి. చిన్నపిల్లలకి పాఠం మొదటి వంతులోనే వచ్చేలా చూడండి, మూడో వంతుకి వాళ్ళకి నిద్ర వస్తుంది.

ఎంతమంది పెద్దవాళ్ళు కావాలి?

నా లెక్క: 4-5 ఏళ్ళవాళ్ళకి ప్రతి ఐదారుగురికి ఒకరు, 6-8 వాళ్ళకి ఎనిమిది మందికి ఒకరు, ఆ పైన పది పన్నెండు మందికి ఒకరు. గ్రూపు ఎంత చిన్నదైనా ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాల్సిందే. ఒక్కరే పెద్దవాళ్ళు ఒక గదిలో పిల్లలతో తలుపు వేసుకుని ఉండకూడదు, అది పాస్టర్ గారైనా సరే. బాత్రూమ్‌కి తీసుకెళ్ళేటప్పుడూ ఇదే రూలు.

గ్రూపుల సంఖ్య తేల్చాల్సింది కూడా ఈ లెక్కే. రోజూ తప్పకుండా వచ్చే పెద్దవాళ్ళు ఆరుగురే అయితే మీకు మూడు గ్రూపులే. "చూద్దాం, వస్తాను" అన్నవాళ్ళని లెక్కలో వేసుకోకండి.

బైబిల్లో అందరూ కలిసే విన్నారు కదా, విడదీయడం సరైనదేనా?

ఒక పెద్దాయన నన్ను సూటిగా అడిగిన ప్రశ్న ఇది. ఆయన ద్వితీయోపదేశకాండము 31:12 చూపించారు. పురుషులు, స్త్రీలు, పిల్లలు, పరదేశులు అందరినీ పోగుచేసి ధర్మశాస్త్రం వినిపించమని అక్కడ ఉంది. నిజమే. కానీ నెహెమ్యా 8వ అధ్యాయం కూడా చదవండి. ఎజ్రా అందరి ముందూ చదివాడు. తర్వాత 7, 8 వచనాల్లో పదమూడు మంది పేర్లు వస్తాయి, వాళ్ళూ లేవీయులూ జనానికి అర్థం విడమరిచి చెప్పారని ఉంది. చదవడం అందరికీ కలిపి జరిగింది. అర్థం చెప్పడానికి చాలామంది కావాల్సి వచ్చింది. మనం చేసేదీ అదే: వాక్యం చదివేటప్పుడు అందరం ఒకచోట, వివరించేటప్పుడు గ్రూపుల్లో. ఆ పెద్దాయన విని "సరే, మరి నాకే గ్రూపు ఇస్తావు?" అన్నారు.

మాంటిస్సోరి స్కూళ్ళలో వయసులు కలిపే చెబుతారు కదా?

కలుపుతారు, కానీ మూడేళ్ళ తేడాలోనే: 3-6, 6-9, 9-12. మరియా మాంటిస్సోరి 1907లో రోములో మొదటి బడి తెరిచినప్పటి నుంచి ఆ పద్ధతి పిల్లవాడు తన చేతిలోని వస్తువుతో తనంతట తాను నేర్చుకోవడం మీద నడుస్తోంది. అందరూ కూర్చుని ఒకరి మాట వినడం అక్కడ చాలా తక్కువ. పైగా ఏళ్ళ తరబడి అదే గది, దాదాపు అదే టీచరు. మనకి ఉండేది ఐదు నుంచి పది రోజులు, అదీ చాలావరకు వినే పనే. ఆ బడి నుంచి తీసుకోదగింది ఒకటుంది: కలిపితే వీలైనంతవరకు మూడేళ్ళకి మించకుండా కలపండి.

## రిజిస్ట్రేషన్ రోజు

మూడేళ్ళ పాపని కూడా తీసుకొచ్చారు. వెనక్కి పంపాలా?

తల్లో, అమ్మమ్మో, నాన్నమ్మో పక్కన కూర్చుంటే ఉంచండి. వదిలేసి వెళ్తామంటే మాత్రం వద్దని మర్యాదగా చెప్పండి. మొదటి ఏడాది మొహమాటపడి ఇద్దరు మూడేళ్ళ పిల్లల్ని చేర్చుకున్నాను. క్రాఫ్ట్‌లో పూసలు ఇచ్చారు, ఒక పాప పూస ముక్కులో పెట్టుకుంది. ఆసుపత్రికి పరుగెత్తాం, దేవుని దయవల్ల ఏమీ కాలేదు. ఆ రోజు మిగతా 60 మందికి పాఠం జరగలేదు.

అన్నాచెల్లెళ్ళు "మేం విడిగా కూర్చోం" అని ఏడుస్తున్నారు. ఏం చేయాలి?

మొదటి రోజు విడదీయకండి. చెల్లిని అన్న గ్రూపుకి పంపకుండా, అన్ననే చెల్లి గ్రూపులో "హెల్పర్" అని కూర్చోబెట్టండి. చాలామంది రెండో రోజుకే సర్దుకుంటారు, చెల్లెలికి అక్కడో స్నేహితురాలు దొరికాక అన్న సంగతే గుర్తుండదు. మూడో రోజు కూడా ఏడుస్తుంటే అలాగే ఉంచేయండి. అయితే అన్నని మధ్యలో ఒకసారి పక్కకి పిలిచి అడగండి. వాడికి తన స్నేహితుల దగ్గర ఉండాలని ఉండి, ఇంట్లో "చెల్లిని చూసుకో" అన్నారని నోరు మూసుకుని కూర్చున్నాడేమో.

"మావాడు చాలా తెలివైనవాడు, పెద్ద గ్రూపులో వేయండి" అంటున్నారు

వేయకండి. వాడికి 66 పుస్తకాల పేర్లూ వచ్చి ఉండొచ్చు, వయసు మాత్రం ఏడే. పెద్ద గ్రూపులో వాడు ఆటలో ఓడిపోతాడు, మాటల్లో వెనకపడతాడు. సొంత గ్రూపులో వాక్యం చదివే పనో, పక్కవాడికి నేర్పే పనో అప్పగించండి. తల్లిదండ్రులకి "వాడి వల్ల ఈ గ్రూపుకి మేలు" అని చెబితే సాధారణంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఒక రోజు పంపి చూడండి, మర్నాడు వాడే తిరిగొస్తాడు.

పదేళ్ళవాడికి చదవడం రాదు. చిన్న గ్రూపులో వేయాలా?

వద్దు. తనకంటే చిన్నవాళ్ళతో కూర్చోబెడితే ఆ అవమానం వాడికి తెలుస్తుంది, మర్నాడు రాడు. ఈడు పిల్లలతోనే ఉంచి, "ఒక్కొక్కరూ ఒక వచనం చదవండి" అనే పద్ధతి ఆ గ్రూపులో మానేయండి. టీచరు చదివితే అందరూ వెంట పలకడం, వచనాన్ని బొమ్మగా గీయడం, నటించడం పెట్టండి. చదవడం వచ్చినవాళ్ళకీ ఇది నచ్చుతుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలని ఏ గ్రూపులో పెట్టాలి?

తల్లిదండ్రులనే అడగండి: "ఎవరి మధ్య సంతోషంగా ఉంటాడు? ఏ శబ్దం పడదు? టెన్షన్ వస్తే ఏం చేస్తే తగ్గుతుంది?" ఎక్కువమంది ఈడు పిల్లలతోనే బాగుంటారు, పక్కన ఒక పెద్దవారు తోడు ఉంటే. మైకు సౌండు పడని పిల్లలకి పాటల సమయంలో బయట ఒక ప్రశాంతమైన చోటు చూపించి ఉంచండి.

పేరు రాయించుకోకుండా రోజుకి పది మంది కొత్తగా వస్తున్నారు

రానివ్వండి. అసలు వీబీఎస్ పుట్టిందే వీధుల్లో తిరిగే పిల్లల కోసం. 1898లో న్యూయార్క్‌లో ఎలైజా హాస్ అనే ఆవిడ అలాంటి పిల్లల్ని పోగుచేయడానికి చోటు దొరక్క ఒక బీరు హాలు అద్దెకు తీసుకున్నారు. కొత్తవాళ్ళ కోసం ఒక మనిషిని గేటు దగ్గర కూర్చోబెట్టండి. పేరు, తరగతి, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు, ఏవైనా పడకపోతే ఆ వివరం, ఈ నాలుగూ రాసుకుని గ్రూపు రంగు రిబ్బన్ కట్టి పంపితే చాలు. రంగు చూస్తే ఏ టీచరైనా పిల్లవాడిని సరైన చోటికి చేర్చగలరు.

అబ్బాయిల్ని, అమ్మాయిల్ని వేరు చేయాలా?

11 దాకా అక్కర్లేదు. 12-14లో కథకి కలిపి, తర్వాత చర్చకి విడిగా కూర్చోబెడితే ఇద్దరూ నోరు విప్పుతారు.

## పాఠం జరుగుతున్నప్పుడు

టీచర్లు చాలక అందరినీ కలిపే కూర్చోబెట్టాం. కథ ఎవరి స్థాయిలో చెప్పాలి?

7-8 ఏళ్ళవాళ్ళకి చెబుతున్నట్టు చెప్పండి. చిన్నవాళ్ళు బొమ్మల్ని, నటనని పట్టుకుని వస్తారు. పెద్దవాళ్ళ కోసం కథలో ఒక్క చోట, వాళ్ళు ఇదివరకు గమనించని వివరం ఒకటి పెట్టండి.

దావీదు, గొల్యాతు కథనే తీసుకోండి. నాలుగేళ్ళవాళ్ళకి ఒక్కటే చాలు: దావీదు చిన్నవాడు, దేవుడు పెద్దవాడు. నేల మీద ఐదు రాళ్ళు పెట్టి వాళ్ళతో లెక్కపెట్టించండి. ఆరేడేళ్ళవాళ్ళకి సౌలు కవచం దగ్గర ఆగండి, ఒక పెద్దాయన కోటు ఒక బుడతడికి తొడిగి నడవమనండి, హాలంతా నవ్వుతుంది. తొమ్మిది, పదేళ్ళవాళ్ళని అడగండి: సింహం, ఎలుగుబంటి సంగతి దావీదు సౌలుకి ఎందుకు చెప్పాడు? 12 దాటినవాళ్ళకి 1 సమూయేలు 17:28 చూపించండి. అక్కడ దావీదు మీద కోపంతో మండిపడ్డది గొల్యాతు కాదు, సొంత అన్న ఏలీయాబు. "మీ ఇంట్లో మిమ్మల్ని తక్కువగా చూసినప్పుడు ఏం చేశారు?" అని అడిగితే, అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న పెద్ద పిల్లలు కూడా ముందుకి జరుగుతారు.

కథ 12 నిమిషాలు దాటనీయకండి. తర్వాతి పదిహేను నిమిషాలు టీచరు కాని పెద్దవాళ్ళైనా సరే, గుంపుకి ఇద్దరేసి కూర్చుని, కాగితం మీద రాసిచ్చిన మూడు ప్రశ్నలు అడిగితే చాలు. పాఠం చెప్పడం రానివాళ్ళు కూడా ప్రశ్న అడగగలరు.

కంఠత వాక్యం అందరికీ ఒకటేనా?

వాక్యం ఒకటే, పొడవు వేరు. 23వ కీర్తన పెట్టుకుంటే చిన్నవాళ్ళకి "యెహోవా నా కాపరి" చాలు. 6-8 వాళ్ళకి మొదటి వచనం మొత్తం, 9-11 వాళ్ళకి మూడు వచనాలు, పెద్దవాళ్ళకి ఆరూ. ఇంటికెళ్ళాక అక్క, తమ్ముడు ఒకే వాక్యం మీద ఉంటారు. అక్క చెబుతుంటే తమ్ముడు రెండో వచనం కూడా పట్టేస్తాడు.

12, 13 ఏళ్ళవాళ్ళు "మేమేమన్నా చిన్నపిల్లలమా?" అని వెనక బెంచీల్లో కూర్చుంటున్నారు

వాళ్ళన్నది నిజం. ఐదేళ్ళుగా అదే నోవహు ఓడ, అదే రంగులు వేసే కాగితం. గ్రూపుల విషయంలో ఎక్కువ సంఘాలు తప్పు చేసేది ఈ వయసు దగ్గరే. చిన్నవాళ్ళ కోసం అన్నీ ఆలోచిస్తారు, వీళ్ళని "పెద్దవాళ్ళే కదా" అని వదిలేస్తారు. రెండేళ్ళ తర్వాత వీళ్ళు రావడం మానేస్తే పిల్లలు దారి తప్పారంటారు.

వీళ్ళకి వేరే గ్రూపు, వేరే చోటు, వీలైతే వేరే సమయం కావాలి. కుర్చీలు గుండ్రంగా వేయండి, చాపలు వద్దు. టీచరుగా ప్రశ్నకి భయపడని మనిషిని పెట్టండి. "దేవుడు మంచివాడైతే మా నాన్న ఎందుకు చనిపోయాడు?" అని ఒక అబ్బాయి అడిగితే "అలా అడగకూడదు" అనే మనిషి ఆ కుర్చీకి పనికిరారు. లూకా 2:46లో పన్నెండేళ్ళ యేసు బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు వేస్తూ కనిపిస్తాడు. ఈ వయసుకి పాఠ్యప్రణాళిక ఇంతకంటే అక్కర్లేదు.

చర్చతో పాటు చేతికి పని కూడా ఇవ్వండి: సౌండు, స్కిట్టు, పప్పెట్ షో, స్కోరు బోర్డు. పేరుకి ఇచ్చే పని కాకుండా, వాళ్ళు చేయకపోతే నిజంగా ఆగిపోయే పని ఇవ్వండి.

పెద్ద పిల్లల్ని చిన్న గ్రూపులకి హెల్పర్లుగా వాడుకోవచ్చా?

వాడుకోండి, రోజులో ఒక గంట. వాళ్ళ పాఠం మానిపించి కాదు. హెల్పర్‌ని పెద్దవాళ్ళ లెక్కలో కలపకండి, 14 ఏళ్ళ అమ్మాయి ఎంత బాధ్యత కలదైనా పిల్లలతో ఒంటరిగా ఉంచకూడదు.

చిన్న గ్రూపు పావుగంటకే కదిలిపోతోంది. టీచరు తప్పా?

కాదు. ఆ వయసుకి పావుగంట చాలా ఎక్కువ. ఏడెనిమిది నిమిషాలకి ఒకసారి లేపి, దూకించి, మళ్ళీ కూర్చోబెట్టమనండి.

## ఆటలు, పాటలు, క్రాఫ్ట్

పాటలకి అందరినీ కలపొచ్చా?

తప్పకుండా. చిన్నవాళ్ళని ముందు వరుసలో నిలబెట్టండి, లేకపోతే వాళ్ళకి కనిపించేది వీపులే.

ఆటల్లో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని తోసేస్తున్నారు

పరుగు, లాగడం, బంతి ఉన్న ఆటలు వయసు వారీగానే ఆడించండి. అదృష్టం, జ్ఞాపకం, జట్టు పని మీద నడిచే ఆటలు కలిపి ఆడించొచ్చు. కలిపినప్పుడు రూలునే వంచండి: చిన్నవాడు బుట్టలో బంతి వేస్తే రెండు పాయింట్లు, పెద్దవాడు వేస్తే ఒకటి. అప్పుడు పెద్దవాళ్ళు తామే బంతి తీసుకెళ్ళి చిన్నవాడి చేతిలో పెడతారు.

పోటీలకి జట్లు ఎలా చేయాలి?

ఇక్కడ వయసులు కలపండి. ప్రతి జట్టులో ప్రతి వయసు నుంచీ కొంతమంది ఉండాలి. ఇశ్రాయేలు గోత్రాల పేర్లు పెడితే జట్టు పేరుతో పాటు బైబిలు కూడా కొంత వస్తుంది. పాయింట్లు హాజరుకి, వాక్యానికి, కొత్త స్నేహితుడిని తీసుకొచ్చినందుకు ఇవ్వండి. వాక్యం పాయింటు ఎవరి స్థాయి వాక్యం వాళ్ళు చెబితే సమానంగా రావాలి. నాలుగేళ్ళవాడు మూడు మాటలు చెప్పి జట్టుకి పది పాయింట్లు తెస్తే, పెద్దవాళ్ళు వాడిని భుజాల మీద ఎత్తుకుంటారు.

క్రాఫ్ట్ ఒకటే పెట్టాలా, వేర్వేరా?

ఒకటే, కానీ కత్తిరించి ఉంచినవి చిన్నవాళ్ళకి, కత్తిరించుకోవాల్సినవి పెద్దవాళ్ళకి. పూసలు, గుండీలు, పిన్నులు ఐదేళ్ళలోపువాళ్ళ బల్ల మీదికి రాకూడదు.

## మధ్యలో, చివర్లో

మూడో రోజు గ్రూపులు మార్చొచ్చా?

ఒకరిద్దరిని మార్చండి, గ్రూపులన్నీ కలిపేయకండి. చిన్నపిల్లలు టీచరు ముఖానికి అలవాటు పడటానికే రెండు రోజులు పడుతుంది.

పెద్దవాడొకడు చిన్నవాళ్ళని ఏడిపిస్తున్నాడు

అందరి ముందు తిట్టకండి. ఆ రోజే పక్కకి పిలిచి జరిగింది అడగండి, ఇంట్లోవాళ్ళకీ చెప్పండి. కలిపి ఉండే సమయాల్లో వాడి పక్కన ఒక పెద్దవారు ఉండాలి. ఏడ్చిన పిల్లవాడి దగ్గరికి కూడా ఎవరో ఒకరు వెళ్ళాలి, హడావిడిలో మనం మరిచిపోయేది వాడినే. మళ్ళీ జరిగితే వాడిని కలిపి ఉండే ఆటల నుంచి తప్పించండి.

ముగింపు రోజు ఏ గ్రూపు ముందు?

చిన్నవాళ్ళు ముందు, ఎప్పుడూ. గంట ఆగితే స్టేజీ మీదే నిద్రపోతారు. చివరి ఐటెం మాత్రం అన్ని వయసులవాళ్ళూ కలిసి పాడేది ఉంచండి, అప్పుడు చిన్నపిల్లల తల్లిదండ్రులు మధ్యలో లేచి వెళ్ళిపోరు.

వచ్చే ఏడాదికి ఏం రాసిపెట్టుకోవాలి?

ఏ గ్రూపులో ఎంతమందితో మొదలై ఎంతమందితో ముగిసిందో, ఏ వయసు పిల్లలు మధ్యలో మానేశారో, ఏ టీచరు ఏ వయసుతో సంతోషంగా కనిపించారో. ఈ మూడూ చివరి రోజు రాత్రే, కుర్చీలు సర్దే ముందు, టీచర్లందరినీ కూర్చోబెట్టి రాయించండి. వారం ఆగితే "అంతా బాగానే జరిగింది" అన్న ఒక్క ముక్కే మిగులుతుంది.